రెండు తీగల లైన్ కింద మన చేను: కన్వర్టర్ ఖర్చు లెక్కల ఏం రాస్తరు, ఏం రాయరు?

మీ ఊరి చెల్కల మీదికెళ్లి పెద్ద కరెంటు లైన్ పోతుంటే ఒకసారి తలెత్తి తీగల కట్టలు లెక్కవెట్టుండ్రి. మూడో, ఆరో ఉంటే అది ఏసీ లైన్. టవర్ అటొక చెయ్యి ఇటొక చెయ్యి చాపి, చేతికొక్క కట్ట చొప్పున రెండే మోస్తుంటే అది డీసీ లైన్. నెత్తి మీద సన్నగ కనవడేది పిడుగు తీగ, దాన్ని లెక్కల వట్టొద్దు. కొన్ని లైన్లకు కరెంటు తిరిగొచ్చే తీగ అదనంగ ఉంటది, అది వేరే ముచ్చట.

ఛత్తీస్‌గఢ్‌ల రాయగఢ్ నుంచి తమిళనాడుల పుగలూరు దాంక పోయే లైన్ ఇసొంటిదే. పొడుగు సుమారు 1,765 కిలోమీటర్లు, ఓల్టేజీ ప్లస్ మైనస్ 800 కిలోవోల్టులు, మోసేది 6,000 మెగావాట్లు. తెలంగాణ మీదికెళ్లి, ఆంధ్ర మీదికెళ్లి పోతది. నడుమ యాడా ఒక్క యూనిట్ సుత దించది.

టవర్ల కింద భూములున్న రైతుల మీటింగులకు పోయినప్పుడల్లా నన్ను అడిగే మాట ఒకటే. "మా నెత్తి మీదికెళ్లి గంత కరెంటు పోతున్నది గదా, మా బోరు మోటరుకు ఓల్టేజీ ఎందుకు రాదు?" ఇది అమాయకపు ప్రశ్న అని నవ్వే ఆఫీసర్లను చూసిన. అమాయకపు ప్రశ్న గాదు. దానికి సరైన జవాబు చెప్పాలంటే కన్వర్టర్ అనే యంత్రం సంగతి, దాని ధర సంగతి తెలవాలె. నేను ఇంజనీరింగ్ చదువుకున్నోన్ని గాదు. టెండర్ కాయితాలు, కేంద్ర విద్యుత్ అథారిటీ రిపోర్టులు ముందటేసుకొని, సబ్‌స్టేషన్లల్ల పనిచేసే దోస్తులను సతాయించి నేర్చుకున్న. నాకు ఎట్ల అర్థమైందో అట్లనే చెప్త.

ముందుగాల, అసలు డీసీ ఎందుకు? మన ఇండ్లకు వచ్చేది ఏసీ. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు. దాని గొప్పతనం ఏందంటే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఓల్టేజీని అల్కగ పెంచొచ్చు, తగ్గించొచ్చు. 1880లల్ల అమెరికాల ఎడిసన్ డీసీ అన్నడు, వెస్టింగ్‌హౌస్ ఏసీ అన్నడు, ఏసీ గెలిచింది. గెలిచింది ట్రాన్స్‌ఫార్మర్ పుణ్యాననే.

కాని దూరం పెరిగినకొద్దీ ఏసీకి మూడు కష్టాలు మొదలైతయి. ఒకటి, ఊగే కరెంటు కాబట్టి తీగను నింపుడు ఖాళీ చేసుడుకే కొంత కరెంటు పోతది. భూమిల వేసే కేబుల్‌ల అయితే ఈ గోస ఇంకా ఎక్కువ. రెండు, మూడు ఫేజులకు మూడు కట్టల తీగ కావాలె. మూడోది అసలు కష్టం: రెండు కొసల గ్రిడ్లు ఒకే అడుగుల నడవాలె. కాడికి కట్టిన జోడెడ్లు చూసినోళ్లకు ఇది చెప్పే పని లేదు. ఒకటి తడబడితే రెండోది గుంజబడతది. లైన్ ఎంత పొడుగుంటే కాడి అంత వదులైతది, బరువు అంత తక్కువ మొయ్యాలె.

డీసీకి ఈ కాడి లేదు. కరెంటు ఒకే దిక్కు సాగుతది. రెండు కట్టల తీగ సాలు. ఎన్ని మెగావాట్లు పంపాలనుకుంటే అన్ని పంపొచ్చు. మరి అంతట డీసీనే ఎందుకు వెయ్యరు? తీగ సస్తాగ వస్తది గాని, రెండు కొసలల్ల కన్వర్టర్ స్టేషన్ కట్టాలె. అది పిరం. అందుకే తక్కువ దూరానికి ఏసీ సస్తా, ఎక్కువ దూరానికి డీసీ సస్తా. మీదికెళ్లి పోయే లైన్లకు ఈ రెండూ సమానమయ్యే దూరం మామూలుగ 600 నుంచి 800 కిలోమీటర్లని చెప్తరు. కేబుల్‌కయితే 50 కిలోమీటర్ల చుట్టుముట్టే. కన్వర్టర్ సస్తా అయితున్నకొద్దీ ఈ దూరం తగ్గుతది. ప్రపంచంల ఇంజనీర్లు దీని మీద గంత తలకాయ కొట్టుకునేది ఇందుకే.

ఇగ కన్వర్టర్ లోపలికి పోదాం. మీ చేతిల ఉన్న ఫోన్ చార్జర్ ఏసీని డీసీ చేస్తది. మీ ఇంట్ల ఇన్వర్టర్ బ్యాటరీ డీసీని ఏసీ చేస్తది. రాయగఢ్ స్టేషన్ చేసే పని చార్జర్ పని, పుగలూరు స్టేషన్ చేసే పని ఇన్వర్టర్ పని, కొలతనే వేరు. గాలి కాలంల తమిళనాడుల గాలిమరల కరెంటు ఎక్కువైతే ఆ పనులు తారుమారు చేసి ఉత్తరం దిక్కు సుత పంపొచ్చు.

ఇంత కరెంటును తిప్పే స్విచ్ యాడిది? 1954ల స్వీడన్‌ల గోట్లాండ్ ద్వీపానికి సముద్రం కిందికెళ్లి 20 మెగావాట్ల డీసీ లైన్ వేసిండ్రు. ఉనో లామ్ అనే ఇంజనీర్ ఏండ్ల తరబడి కష్టపడి పాదరసం నింపిన వాల్వులు తయారు చేసిండు. అవి సతాయించేటివి. తర్వాత 1970ల చుట్టూ థైరిస్టర్ వచ్చింది. సిలికాన్ బిళ్ల. ఈ రోజుకూ పెద్ద పెద్ద డీసీ లైన్లు నడిచేది దీని మీదనే.

థైరిస్టర్ గుణం మన చెరువు తూముతోని చెప్త. తూము లేపుడు మన చేతిల ఉన్నది. లేపినంక నీళ్లు పోతనే ఉంటయి. మనం దించుదామంటే దిగదు. నీళ్ల పారుడు దానంతటది ఆగితేనే తూము పడుతది. థైరిస్టర్ సుత గంతే. ఆన్ చేసుడు మన చేతిల, ఆఫ్ అయ్యుడు కరెంటు చేతిల. మరి కరెంటు ఎప్పుడు ఆగుతది? పక్క ఫేజు ఓల్టేజీ దాన్ని గుంజుకున్నప్పుడు. అంటే అవతల మంచి బలమైన ఏసీ గ్రిడ్ ఉంటేనే ఈ కన్వర్టర్ పనిచేస్తది. అవతలి గ్రిడ్ ఓల్టేజీ జర పడిపోయిందా, ఒక తూము పడకముందే ఇంకోటి లేస్తది, ఒక క్షణం మొత్తం గందరగోళం. దీన్నే కమ్యుటేషన్ ఫెయిల్యూర్ అంటరు. చీకట్ల ఉన్న ఊరికి ఈ రకం కన్వర్టర్‌తోని దీపం ముట్టియ్యలేం. ఆల్రెడీ కరెంటున్న కాడికే కరెంటు ఇస్తది. లోకం తీరు దీనికి బాగ ఒంటవట్టింది.

ఒక్క థైరిస్టర్ తట్టుకునేది సుమారు 8 కిలోవోల్టులు. 800 కిలోవోల్టులకు పదుల కొద్దీ బిళ్లలను వరుసగ పేర్చి ఒక వాల్వు కడతరు. ఆ వరుసల కొన్ని ఫాల్తువి ముందే పెడతరు. ఒకటి కాలిపోతే అది తీగ లెక్క అయిపోతది, మిగిలినవి పని నడిపిస్తయి, మరమ్మతు దినం వచ్చినప్పుడు మార్చుకోవచ్చు. ఎన్ని ఫాల్తువి పెట్టాలె అనేది సుత డిజైన్ లెక్కనే. ఎక్కువ పెడితే ధర పెరుగుతది, తక్కువ పెడితే స్టేషన్ ఆగుతది. ఈ వాల్వులను పెద్ద హాలుల కప్పుకు వేలాడదీస్తరు, భూకంపం వస్తే ఊగుతయి గాని విరగవని. చల్లగ ఉంచేతందుకు ఖనిజాలు తీసేసిన శుద్ధమైన నీళ్లు తిరుగుతయి.

ఆరు వాల్వులతోని ఒక బ్రిడ్జి అయితది. అట్లాంటివి రెండు కలిపి పన్నెండు వాల్వుల గ్రూపు చేస్తరు. ఎందుకు? కన్వర్టర్ ఏసీని నున్నగ వాడుకోదు, కొరికి కొరికి వాడుకుంటది. ఆ కొరుకుడుకు 5 రెట్ల, 7 రెట్ల వేగంతోని ఊగే చెత్త కరెంటు పుట్టి గ్రిడ్‌లకు పోతది. దీన్ని హార్మోనిక్స్ అంటరు. పెద్ద మోటర్లకు స్టార్ డెల్టా స్టార్టర్ బిగించినోళ్లు మీలో ఉంటరు. ఇక్కడ సుత అదే యుక్తి: ఒక బ్రిడ్జికి స్టార్ ట్రాన్స్‌ఫార్మర్, రెండోదానికి డెల్టా ట్రాన్స్‌ఫార్మర్ పెడతరు. రెండింటి నడుమ 30 డిగ్రీల తేడా వస్తది. ఒకదాని 5వ, 7వ చెత్తను రెండోదాని చెత్త కొట్టేస్తది. ఇగ మిగిలేది 11వది, 13వది, ఆ పైవి. ఫిల్టర్లు చిన్నగైతయి. తీగను తిరగేసి కట్టుడుతోనే కోట్ల రూపాయల ఫిల్టర్ తప్పింది చూడుండ్రి. నాకు ఈ సంగతి అర్థమైన దినం శాన సంతోషమైంది.

ఇంకో ఖర్చున్నది. మన బోరు మోటర్లకు కెపాసిటర్లు బిగించుకోమని కరెంటోళ్లు మొత్తుకుంటరు గదా, ఆ కెపాసిటర్ కథ ఇక్కడ సుత ఉన్నది, కాని కొండంత. థైరిస్టర్ కన్వర్టర్ తాను మోసే మెగావాట్లల్ల 50-60 శాతం దాంక రియాక్టివ్ పవర్ గుంజుకుంటది. 6,000 మెగావాట్లకు 3,000 మెగావార్ల పైచిలుకే. దానికోసం కెపాసిటర్లు, ఫిల్టర్లు వరుసలు వరుసలుగ నిలవెట్టాలె. స్టేషన్ జాగల పెద్ద వాటా వీటికే పోతది.

మొత్తం స్టేషన్ ఖర్చుల వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు రెండే కలిపి మూడో వంతుకు పైమాటే. ట్రాన్స్‌ఫార్మర్ మామూలుది పనికిరాదు. ఏసీ బరువు, డీసీ బరువు రెండూ ఒకేసారి మోసే ఇన్సులేషన్ కావాలె, హార్మోనిక్స్ వేడి తట్టుకోవాలె. దీంట్ల డిజైనర్ ముందట ఒక చిక్కు ఉంటది. పన్నెండు వాల్వుల గ్రూపుకు ఆరు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టొచ్చు, లేకుంటే స్టార్, డెల్టా చుట్లు రెండూ ఒక్కదాంట్లనే ఉన్న పెద్దవి మూడు పెట్టొచ్చు. మూడే అయితే సస్తా. ఫాల్తుది సుత ఒక్క రకమే కొనాలె. కాని ఒక్కొక్కటి అంత బరువు తూగితే రైలు వ్యాగన్ మీద పడుతదా? దారిల ఉన్న బ్రిడ్జీలు ఆగుతయా? అందుకని ఎన్నో చోట్ల డిజైన్‌ను తేల్చేది కంప్యూటర్ గాదు, వాగు మీద బ్రిడ్జి.

ఇగ ఓల్టేజీ ఎంత పెట్టాలె? చిన్న లెక్క చేద్దాం. 6,000 మెగావాట్లను ప్లస్ మైనస్ 500 మీద పంపితే తీగల 6,000 ఆంపియర్లు పారాలె. ప్లస్ మైనస్ 800 మీద పంపితే 3,750 సాలు. తీగల కాలిపోయే కరెంటు ఆంపియర్ల వర్గం మీద ఆధారపడతది. కాబట్టి అదే తీగ అయితే 500 మీద నష్టం రెండున్నర రెట్లు. మరి 800 కాదు, 1,100 పెడితే ఇంకా మంచిది గదా అంటే, పెట్టినోళ్లున్నరు, చైనాల. కాని ఓల్టేజీ పెంచినకొద్దీ హాలు ఎత్తు పెరుగుతది, ట్రాన్స్‌ఫార్మర్ ధర దుంకుతది. తీగల మిగిలింది స్టేషన్ల పోతది. ఈ రెండిటి నడుమ యాడ ఆగాలె అనేదే డిజైన్.

నష్టం లెక్క ఎంత కచ్చితంగ కడతరో చూడుండ్రి. థైరిస్టర్ స్టేషన్‌ల పోయేది సుమారు 0.7 శాతం. ఇంతేనా అనిపిస్తది. 6,000 మెగావాట్లల్ల 0.7 శాతం అంటే 42 మెగావాట్లు. రెండు స్టేషన్లకు 84. ఏడాది పొడుగూత ఫుల్ లోడ్ నడిచిందనుకుంటే 73 కోట్ల యూనిట్లకు పైన. అట్ల ఏ లైనూ నడవదు గాని, కొలత కోసం చెప్తున్న. ఒక్క స్టేషన్‌ల నష్టం 0.1 శాతం తగ్గిస్తే 6 మెగావాట్లు, రెండిట్ల 12. ఏడాదికి 10.5 కోట్ల యూనిట్లు. యూనిట్ 3 రూపాయలు వేసుకున్నా 31 కోట్లకు పైమాటే. అందుకే టెండర్లు పోల్చేటప్పుడు మిషన్ల ధర ఒక్కటే చూడరు. స్టేషన్ బతికినన్ని ఏండ్లల్ల పోయే కరెంటుకు ఇయ్యాల్టి ధర కట్టి, దాన్ని సుత టెండర్ ధరల కలుపుతరు. మిషన్ పిరమున్నా నష్టం తక్కువుంటే ఆ కంపెనీ గెలవొచ్చు. ఇది న్యాయమైన పద్ధతి. దీన్ని గుర్తు పెట్టుకోండ్రి, మళ్ల పనికొస్తది.

ఇప్పుడు రైతు ప్రశ్నకు జవాబు. ఏసీ లైన్‌ను నడుమ తెంపి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఊరికి కరెంటు వస్తది. డీసీకి ట్రాన్స్‌ఫార్మర్ పనిచెయ్యది, మళ్ల కన్వర్టర్ స్టేషన్ కట్టాలె. చిన్నది కడదాం, 50 మెగావాట్లది సాలు అందామా? మెగావాట్లు తగ్గినా ఓల్టేజీ తగ్గదు. ఆ చిన్న స్టేషన్ సుత 800 కిలోవోల్టులను నిలువునా తట్టుకోవాలె, గన్ని బిళ్లలూ పేర్చాలె, గంత ఎత్తు హాలూ కట్టాలె. పైనుంచి ఆ చిన్న స్టేషన్‌ల ఏదన్న తప్పు జరిగితే మొత్తం 6,000 మెగావాట్ల లైన్ కుదుపుకు లోనైతది. కాబట్టి చిన్నగ దించుడు గిట్టుబాటు గాదు. పెద్దగ అయితే గిట్టుతది. అస్సాంల బిశ్వనాథ్ చారియాలి నుంచి ఆగ్రాకు పోయే 800 కిలోవోల్టుల లైన్‌కు నడుమ బెంగాల్‌ల అలిపుర్‌ద్వార్ కాడ 3,000 మెగావాట్ల స్టేషన్ ఉన్నది. అంటే సాధ్యం గాదు అనేది అబద్ధం. గిట్టుబాటు గాదు అనేదే నిజం. ఈ రెండు మాటల తేడా ఆఫీసర్లు మనకు విడమర్చి చెప్పరు.

థైరిస్టర్‌కు పోటీగ ఇంకో స్విచ్ వచ్చింది, ఐజీబీటీ. దీన్ని ఆన్ చెయ్యొచ్చు, ఆఫ్ సుత చెయ్యొచ్చు. తూము లేపుడు దించుడు రెండూ మన చేతిలనే. 1997ల స్వీడన్‌ల 3 మెగావాట్ల ప్రయోగంతోని మొదలైంది. మొదట్ల వచ్చిన రకాల నష్టం మస్తుగుండె, సెకనుకు వెయ్యిసార్లకు పైన కొట్టుకునేటియి. తర్వాత జర్మనీల మార్‌క్వార్ట్ అనే ప్రొఫెసర్ ఒక ఉపాయం చెప్పిండు. పెద్ద స్విచ్‌లతోని కొట్టే బదులు, కెపాసిటర్ ఉన్న చిన్న చిన్న డబ్బాలు వందల కొద్దీ పేర్చి, ఒక్కొక్కటే కలుపుకుంట, తీసుకుంట పోతే ఓల్టేజీ మెట్లు మెట్లుగ లేస్తది, మెట్లు మెట్లుగ దిగుతది. మెట్లు ఎక్కువైతే దూరంకెళ్లి చూసినోనికి నున్నటి ఏటవాలు లెక్కనే కనవడతది గదా. అట్ల హార్మోనిక్స్ దాదాపు మాయం. ఫిల్టర్ల తోట అక్కర లేదు, జాగ సగం మిగులుతది. నష్టం సుత 1 శాతం చుట్టుపక్కలకు దిగింది. 2010ల అమెరికాల శాన్‌ఫ్రాన్సిస్కో బే కింద 400 మెగావాట్లతోని ఈ రకం మొదటిసారి నడిచింది.

దీనికి బలమైన గ్రిడ్ అక్కర లేదు. చీకట్ల ఉన్న ఊరికి సుత దీపం ముట్టిస్తది. అయినా అంతట ఇదే ఎందుకు పెట్టరు? 0.7కు, 1కి నడుమ తేడా మనం పైన లెక్కగట్టినం. 6,000 మెగావాట్ల కాడ ఆ తేడానే ఏడాదికి కోట్లు. ఇంకోటి పిడుగు. మీదికెళ్లి పోయే లైన్ మీద పిడుగు పడితే థైరిస్టర్ కన్వర్టర్ కరెంటును వెంటనే గుంజేసి, సెకను లోపలనే మళ్ల లైన్ ఎత్తుకుంటది. డబ్బాల కన్వర్టర్‌ల సస్తా రకం ఆ పని చెయ్యలేదు. ఏసీ దిక్కు బ్రేకర్ పడేదాంక తప్పు కరెంటు డయోడ్లకెళ్లి పారుతనే ఉంటది. ఆపగలిగే రకం ఉన్నది గాని, డబ్బాకు రెండు స్విచ్‌ల బదులు నాలుగు కావాలె. ధర, నష్టం రెండూ ఎక్కువే.

మరి మన దేశంల ఈ కొత్త రకాన్ని మొదట యాడ పెట్టిండ్రు? పుగలూరు నుంచి కేరళల త్రిశ్శూర్‌కు. ప్లస్ మైనస్ 320 కిలోవోల్టులు, 2,000 మెగావాట్లు, 2021ల జాతికి అంకితం చేసిండ్రు. ఆ లైన్ కొంత దూరం టవర్ల మీద, కొంత దూరం భూమిలకెళ్లి కేబుల్‌ల పోతది. కేరళల ఇల్లు ఇల్లుకు ఆనుకొని ఉంటది. టవర్ లైన్‌కు జాగ దొరకలేదు. కేబుల్ వెయ్యక తప్పలేదు. థైరిస్టర్ కన్వర్టర్‌ల కరెంటు దిక్కు మార్చాలంటే ఓల్టేజీ ప్లస్‌ను మైనస్ చెయ్యాలె. ప్లాస్టిక్ ఇన్సులేషన్ కేబుల్ దాన్ని ఓర్సుకోదు. కొత్త రకంల ఓల్టేజీ అట్లనే ఉంటది, కరెంటు ఒక్కటే దిక్కు మారుతది. కాబట్టి కేబుల్ అంటే కొత్త కన్వర్టర్. జాగ దొరకని కాడ డిజైన్ మారింది. దొరికిన కాడ, అంటే మన చెల్కలల్ల, మారలే.

నేను డీసీకి వ్యతిరేకం గాదు. డీసీతోని మనకు మేలు జరిగిన సంగతి సుత చెప్పాలె. 2012 జులై 30, 31 తారీఖులల్ల ఉత్తరం, తూర్పు, ఈశాన్యం గ్రిడ్లు కుప్పకూలినయి. కోట్ల మంది చీకట్ల కూసున్నరు. మన దక్షిణ గ్రిడ్‌కు ఏం గాలే. ఎందుకంటే అప్పటికి మనం మిగతా దేశంతోని ఒకే కాడికి కట్టబడలే. మహారాష్ట్ర భద్రావతి కాడ కన్వర్టర్లు రెండూ పక్కపక్కనే ఉన్న 1,000 మెగావాట్ల స్టేషన్, ఆడికెళ్లి మన రామగుండంకు లైన్లు. విశాఖ గాజువాక కాడ ఇంకోటి. ఒడిశా తాల్చేర్ నుంచి ఉమ్మడి ఆంధ్ర మీదికెళ్లి కర్ణాటక కోలార్‌కు పోయే 500 కిలోవోల్టుల లైన్. బంధమంతా ముఖ్యంగ డీసీతోనే. ఆ దిక్కు ఎద్దు పడిపోతే ఈ దిక్కు ఎద్దు గుంజబడలే. 2013 డిసెంబర్ 31న రాయచూర్ సోలాపూర్ ఏసీ లైన్‌తోని ఒకే గ్రిడ్ అయినం. ఇంకో మాట, అప్పటి ఖమ్మం అంచుల దిగువ సీలేరు నుంచి బస్తర్ దిక్కు బార్సూర్ దాంక 100 మెగావాట్ల డీసీ ప్రయోగం మనోళ్లే, బీహెచ్‌ఈఎల్‌ వాళ్లే చేసిండ్రు. ఆ సంగతి ఇయ్యాల ఎవలకూ యాది లేదు.

ఇగ భూమి లెక్క. 800 కిలోవోల్టుల డీసీ లైన్‌కు కావలసిన వెడల్పు 69 మీటర్లు. కిలోమీటరుకు 17 ఎకరాలు. 1,765 కిలోమీటర్లకు సుమారు 30 వేల ఎకరాలు. దాంట్ల అడివి ఉంటది, బంజరు ఉంటది, చేను ఉంటది. ఇదే కరెంటును అంత దూరం 765 కిలోవోల్టుల ఏసీ మీద పంపాలంటే ఒక్క డబుల్ సర్క్యూట్ లైన్ సాలది, కనీసం రెండు కావాలె. ఒక్కొక్కటి 67 మీటర్లు, కలిపి 134. అంటే కిలోమీటరుకు 33 ఎకరాలు. ఈ లెక్కల డీసీ మనకు మేలే. కన్వర్టర్ మీద పెట్టిన పైసలు భూమిని మిగిలిచ్చినయి.

కాని మిగలని భూమికి ధర ఎంత కట్టిండ్రు? టవర్ లైన్‌కు భూమి కొనరు. పట్టా మన పేరు మీదనే ఉంటది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలతోని టవర్ పాతుతరు. 2015 అక్టోబర్ దాంక కేంద్రం దిక్కుకెళ్లి భూమి విలువ మీద నష్టపరిహారానికి ఒక దారి సుత లేకుండె. ఆ నెల వచ్చిన గైడ్‌లైన్స్‌ల టవర్ కాళ్ల జాగకు భూమి విలువల 85 శాతం, తీగల కింది పట్టికి గరిష్ఠంగ 15 శాతం అన్నరు. 2024 జూన్‌ల వచ్చినవాటిల్ల టవర్ జాగకు 200 శాతం, తీగల కిందికి 30 శాతం అన్నరు.

ఎకరం సర్కారు ధర 5 లక్షలు అనుకుందాం. 30 శాతం చొప్పున కిలోమీటరుకు సుమారు 25 లక్షలు, లైన్ మొత్తానికి 450 కోట్లు. ఒక్కసారే ఇచ్చేది. ఇప్పుడు పైన గుర్తు పెట్టుకోమన్న లెక్క తియ్యండ్రి. కన్వర్టర్‌ల 0.1 శాతం నష్టానికి ఏడాదికి 31 కోట్లు. 35 ఏండ్లకు, వడ్డీ లెక్కలు పక్కన పెడితే, వెయ్యి కోట్లు దాటుతది. ఆ వెయ్యి కోట్లను టెండర్‌ల పైసా పైసా లెక్కవెట్టి పోలుస్తరు. చెట్టు పెంచుకోలేని, ఇల్లు కట్టుకోలేని, బ్యాంకోడు తక్కువ అప్పు ఇచ్చే 17 ఎకరాల సంగతి మాత్రం డిజైన్ ఖాయమైనంక, సర్వే రాళ్లు పడినంక గుర్తుకొస్తది. భూమి ధరను మొదలే సరిగ్గ కట్టి ఉంటే కొన్ని చోట్ల ఓల్టేజీ వేరేది ఎంచుకునేటోళ్లేమో, టవర్ ఆకారం మారేదేమో, ఊర్ల పక్కన కొంత దూరం కేబుల్ వేసేటోళ్లేమో. కేబుల్ పిరమే, నాకు తెలుసు. కేరళల సుత పిరమే ఉండె.

ఇప్పుడు సోలార్, గాలి కరెంటు కోసం కొత్త డీసీ లైన్లు వస్తున్నయి. గుజరాత్ ఖావ్‌డా నుంచి నాగ్‌పూర్‌కు 6,000 మెగావాట్లది ఒకటి. రేపు మీ దిక్కు సర్వేకు వస్తే కొన్ని సంగతులు అడిగి రాయించుకోండ్రి. లైన్ ఏ ఓల్టేజీది, ఏసీనా డీసీనా, తీగల కింది పట్టి వెడల్పు ఎన్ని మీటర్లు. మీ సర్వే నంబర్ల ఆ పట్టి కింద ఎన్ని గుంటలు పడుతున్నయి. టవర్ జాగ కొలిచేటప్పుడు నాలుగు కాళ్ల నడుమ జాగకు నాలుగు దిక్కులా ఒక్కో మీటరు కలిపి కొలవాలె, 2024 గైడ్‌లైన్స్‌ల అట్లనే ఉన్నది. పంట నష్టం వేరే, భూమి విలువ పరిహారం వేరే. రెండిటికి కలిపి ఒక్కటే చెక్కు ఇస్తమంటే ఏది ఎంతో విడివిడిగ రాసిన కాయితం చేతికి వచ్చినంకనే సంతకం పెట్టుండ్రి. గైడ్‌లైన్స్ కేంద్రానివి, అమలు రాష్ట్రానిది, కాబట్టి మన రాష్ట్రంల ఏ జీవో ప్రకారం ఇస్తున్నరో ఆ నంబరు సుత ఆ కాయితం మీద ఉండాలె.